గజం... గజగజ!

‘ఇల్లు కట్టి చూడు... పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కాస్త గమనిస్తే ఆ సామెతలో ఓ విశేషం కనిపిస్తుంది. వాళ్లు ‘కట్టి చూడు’ అన్నారే తప్ప ‘స్థలం కొని చూడు’ అనలేదు. అప్పట్లో కష్టమంతా కట్టడంలోనే ఉండేది. గానుగ సున్నం ఆడించాలి, కలప కోయించాలి, మేస్త్రీ చుట్టూ తిరగాలి, వానలు పడేలోపు పైకప్పు వేయించాలి. స్థలం గురించి అంత బెంగ ఉండేది కాదు. ఇప్పుడు కథ తిరగబడింది. డబ్బుంటే చాలు... ఏడాదిలో ఇల్లు కట్టి తాళంచెవులు చేతిలో పెట్టేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. కానీ ఆ ఇంటి కింద నేల? దాని ధర వింటేనే మధ్యతరగతి గుండె గజగజలాడుతోంది!

‘అన్ని ధరలూ పెరిగాయి, వాటితోపాటే ఇళ్ల ధరలూ పెరిగాయి. అందులో వింతేముంది?’ అనుకుంటాం. బియ్యం, పప్పు, పాలు, బస్సు టిక్కెట్టు విషయంలో ఆ మాట నిజం. ఇంటి విషయంలో మాత్రం అది సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే తాతల కాలం నుంచి మన రూపాయి నడిచొచ్చిన దారిని ఓసారి చూడాలి.

రూపాయి చిక్కిపోయింది

ఉద్యోగుల ఇళ్లలో డీఏ మాట తెలియనివారుండరు. కేంద్ర ఉద్యోగులకు అది ఎంత పెరగాలో లెక్కగట్టేది పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని బట్టి. సరుకులు, బట్టలు, అద్దె, వైద్యం, చదువు... ఇలా ఓ శ్రామిక కుటుంబం నెలనెలా పెట్టే ఖర్చుల ఆధారంగా ప్రభుత్వం దీన్ని తయారుచేస్తుంది. ఒక ఏడాదిని మూలంగా తీసుకుని అప్పటి ధరలను 100 అనుకుంటారు. అలా 1960ని, తర్వాత 1982ని, ఆపైన 2001ని, చివరగా 2016ని మూలంగా తీసుకున్నారు. మూలం మారినప్పుడల్లా పాత సూచీని కొత్తదానితో కలపడానికి ఓ అంకె ప్రకటించారు. ఆ అంకెలు వరుసగా 4.93, 4.63, 2.88.

చూడ్డానికి పొడి అంకెలే కానీ మూడు తరాల కథ వాటిలోనే ఉంది. 1960లో 100 రూపాయలకు వచ్చిన సరుకులకు 1982లో 493 రూపాయలు పెట్టాల్సి వచ్చింది. 1982లో 100 రూపాయల సరుకు 2001లో 463 అయింది. 2001లో 100 రూపాయలది 2016కి 288కి చేరింది. మూడింటినీ గుణిస్తే 1960 నుంచి 2016 వరకు ధరలు 65 రెట్లకు పైగా పెరిగినట్లు. 2025 చివరికొచ్చేసరికి అది 95 రెట్లు దాటింది. అంటే... 1960లో తాతగారు పది రూపాయలతో సంచి నింపుకొచ్చారనుకుంటే అదే సంచి నిండాలంటే మనవడు 950 రూపాయలకు పైనే తీయాలన్నమాట.

ఇప్పుడు ఇదే కొలబద్ద ఇంటికి పెట్టి చూద్దాం. 1982లో ఓ చిరుద్యోగి స్థలానికీ కట్టుబడికీ కలిపి 50 వేలు పెట్టి ఇల్లు అమర్చుకున్నాడనుకుందాం. అప్పటి నుంచి 2025 చివరికి సూచీ పెరిగింది 19 రెట్లకు పైన... 20 రెట్లకు లోపు. ఇంటి ధర కూడా ధరలతోపాటే నడిచి ఉంటే ఇప్పుడు అది పది లక్షల లోపే ఉండాలి. కానీ హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న పాత కాలనీల్లో పది లక్షలకు ఇల్లు కాదు కదా... పది గజాల నేల వస్తే గొప్ప! మరి మధ్యలో ఏం జరిగినట్టు?

జీతాలు వెనకబడ్డాయా?

అందరికీ ముందుగా వచ్చే అనుమానం ఇదే. ధరలు పెరిగినంతగా జీతాలు పెరగలేదేమోనని. అదీ చూద్దాం. కేంద్ర ప్రభుత్వంలో అందరికన్నా కింది మెట్టు ఉద్యోగికిచ్చే కనీస వేతనం మూడో వేతన సంఘం నాటికి, అంటే 1973లో, నెలకు 196 రూపాయలు. 1986లో నాలుగో సంఘం దాన్ని 750 చేసింది. 1996లో ఐదో సంఘంతో 2,550, 2006లో ఆరో సంఘంతో 7,000, 2016లో ఏడో సంఘంతో 18,000 అయింది. 2025 జులై నాటి 58 శాతం డీఏ కలిపితే 28 వేలు దాటుతుంది.

1986తో పోలిస్తే ఇది దాదాపు 38 రెట్లు. అదే కాలంలో ధరల సూచీ పెరిగింది సుమారు 16 రెట్లు. అంటే ఈ ఉద్యోగి జీతం ధరలను దాటి రెట్టింపు వేగంతో పరుగెత్తింది. రైతు కూలీలు, చిన్న దుకాణాలవాళ్లు, రోజువారీ పనివాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లకు వేతన సంఘాలూ లేవు, డీఏలూ లేవు. కానీ నికరమైన జీతమున్న కుటుంబం వరకూ తీసుకుంటే ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, టీవీ, బండి, పిల్లలకు ఇంజినీరింగు సీటు... అన్నీ వచ్చాయి. తాతకు అందనివెన్నో మనవడికి చేతికందాయి. ఒక్క ఇల్లు తప్ప!

కాబట్టి నెపం జీతం మీద పెట్టలేం. పోనీ ఇటుక, సిమెంటు మీద పెడదామా?

పర్మిట్ సిమెంటు రోజులు

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మకపోవచ్చు. ఒకప్పుడు సిమెంటు కావాలంటే పర్మిట్ ఉండాలి. ఇల్లు కట్టుకుంటున్నామని అర్జీ పెట్టుకోవాలి. ఎన్ని బస్తాలివ్వాలో అధికారి రాసిస్తే, వాటికోసం డిపో దగ్గర పడిగాపులు పడాలి. అవి చాలకపోతే చాటుగా, ఎక్కువ ధరకు కొనాలి. మహారాష్ట్రలో సిమెంటు కేటాయింపుల గొడవ ముదిరి 1982 జనవరిలో ముఖ్యమంత్రి ఎ.ఆర్.అంతులే రాజీనామా చేయాల్సి వచ్చిందంటే అప్పట్లో బస్తాకు ఎంత గిరాకీ ఉండేదో తెలుస్తుంది. అదే ఏడాది కేంద్రం కొంత సిమెంటుపై కంట్రోలు ఎత్తేసింది. 1989లో పూర్తిగా తీసేసింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలు పెరిగాయి. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో సున్నపురాయికి కొదవ లేదు. నల్గొండ నుంచి కడప దాకా సిమెంటు పొగగొట్టాలు లేచాయి.

ఫలితం ఏమిటి? ఇప్పుడు బస్తా 300 నుంచి 400 రూపాయల మధ్య ఎక్కడైనా దొరుకుతోంది. క్యూ లేదు, పర్మిట్ లేదు. 2017 నుంచి సిమెంటు మీద 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరులో 18 శాతానికి తగ్గించారు కూడా. ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలి పెరిగిన మాట నిజమే. అయినా సాదాసీదా ఇల్లు కట్టడానికి చదరపు అడుగుకు 2,000 రూపాయల అటూఇటూగా అవుతోంది. పదిహేను వందల అడుగుల ఇంటికి 30 లక్షలు. ఇది చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఇద్దరు సంపాదించే కుటుంబం అప్పో సప్పో చేసి మోయగలిగిన బరువే.

ఇదే ఇంటిని 200 గజాల స్థలంలో కడదాం. ఏదైనా చిన్న పట్టణం శివార్లలో గజం 15 వేలు అనుకుంటే స్థలానికి 30 లక్షలు, కట్టుబడికి 30 లక్షలు... సరిగ్గా సగం సగం. అదే ఇంటిని హైదరాబాద్‌లో గజం లక్ష రూపాయలున్న కాలనీలో కడితే? స్థలానికే రెండు కోట్లు. మొత్తం ఖర్చులో నేల వాటా 87 శాతం! అవే ఇటుకలు, అదే సిమెంటు, అవే గదులు. మారింది ఒక్క అడుగున ఉన్న మట్టే.

అంటే... ఖరీదైంది ఇల్లు కాదు. దాని కింద నేల.

నేల లెక్కే వేరు

కోకాపేట పేరు వినని తెలుగువారు ఇప్పుడు తక్కువ. అక్కడ ప్రభుత్వ భూమిని 2006లో అప్పటి హుడా వేలం వేస్తే ఎకరా 14 కోట్లు దాటి పలికింది. ‘ఎకరా పద్నాలుగు కోట్లా!’ అని రాష్ట్రమంతా నోరెళ్లబెట్టింది. 2021 జులై వేలంలో అక్కడే గరిష్ఠ ధర 60 కోట్లు దాటింది. 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు. 2025 నవంబరులో 150 కోట్లు కూడా దాటేసింది. దానికి నెల ముందు రాయదుర్గంలో ఎకరా 177 కోట్లకు వెళ్లింది.

ఎకరానికి 4,840 గజాలు. ఆ లెక్కన కోకాపేటలో 2006లో గజం 30 వేల దాకా ఉంటే 2025కి మూడు లక్షలు దాటింది. పందొమ్మిదేళ్లలో పదింతలు. అదే పందొమ్మిదేళ్లలో ధరల సూచీ పెరిగింది సుమారు మూడున్నర రెట్లే.

‘అవి ఆకాశహర్మ్యాలు కట్టే పెద్ద కంపెనీల లెక్కలు, మనకెందుకు’ అనిపించవచ్చు. నిజమే, అక్కడ యాభై అంతస్తులు లేస్తాయి కాబట్టి వాళ్లకు అంత ధర గిట్టుబాటవుతుంది. కానీ వేలం వార్త పేపర్లో వచ్చిన మర్నాడే పక్క ఊళ్లో స్థలం ఉన్నాయన కూడా రేటు సవరిస్తాడు. అలా ఆ అల పది, ఇరవై కిలోమీటర్ల దాకా పాకుతుంది.

మధ్యతరగతికి బాగా తెలిసిన ఉదాహరణ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. బలహీన వర్గాలు, అల్పాదాయ వర్గాలు, మధ్యాదాయ వర్గాలు అంటూ జీతాన్ని బట్టి ఇళ్లను విభజించి, వాయిదాల మీద ఇచ్చిన కాలనీ అది. ఎల్‌ఐజీ, ఎంఐజీ అనే మాటలు తెలుగు ఇళ్లలో వాడుకైంది ఇలాంటి కాలనీల వల్లే. ‘ఊరికి అంత దూరం ఎవరు పోతారు’ అని అప్పట్లో వెనకాడినవాళ్లూ ఉన్నారు. 2025లో ఇదే కాలనీలో 7.8 ఎకరాలను వేలం వేస్తే ఎకరా 70 కోట్లు పలికింది. అంటే గజం దాదాపు లక్షా 44 వేలు. చిరుద్యోగుల కోసం వెలసిన చోట ఇప్పుడు చిరుద్యోగికి చోటు లేదు. అక్కడ పుట్టి పెరిగి, తండ్రికన్నా మంచి ఉద్యోగం చేస్తున్న కొడుకు కూడా అదే వీధిలో మరో ఇల్లు కొనలేని పరిస్థితి.

హైదరాబాద్‌లో గజాలు, కోస్తాలో సెంట్లు, నెల్లూరులో అంకణాలు... కొలత ఏదైనా నగరాల దగ్గర కథ ఒక్కటే.

ఎందుకిలా?

సిమెంటుకు గిరాకీ పెరిగితే ఇంకో ఫ్యాక్టరీ పెడతారు. నేలకు గిరాకీ పెరిగితే ఇంకో ఎకరా తయారుచేయలేం. మూలకారణం ఇదే. దానికి మరికొన్ని తోడయ్యాయి.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పటిదాకా రాళ్లగుట్టలుగా ఉన్న మాదాపూర్ ఉద్యోగాల గని అయింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, ఔటర్ రింగురోడ్డు తొలి భాగం తెరిచారు. 2017లో మెట్రో రైలు కదిలింది. రోడ్డు, రైలు, నీళ్లు, కరెంటు... వీటిలో చాలావాటికి ప్రజల పన్నుల సొమ్మూ తోడైంది. కానీ వాటివల్ల పెరిగిన విలువ ఆ పక్కన స్థలమున్నవారికి చేరింది. తర్వాత వచ్చి కొనుక్కునేవారు ఆ రోడ్డుకు రెండోసారి డబ్బు కడుతున్నట్టే!

నగరాల్లో కొద్దిమంది దగ్గరే భూమి పోగుపడకూడదని 1976లో పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం తెచ్చారు. హైదరాబాద్‌లో ఒకరికి వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ మిగులు భూముల్లో పేదలకు చేరినవాటికన్నా మినహాయింపుల్లో, కోర్టు కేసుల్లో చిక్కుకున్నవే ఎక్కువ. 1999లో కేంద్రం ఆ చట్టాన్ని రద్దుచేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఆ రద్దు అమల్లోకి వచ్చింది.

మన అలవాట్లూ తక్కువేం కాదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే తెలుగువారికి గుర్తొచ్చేవి రెండే... బంగారం, భూమి. ఉండటానికి ఒక ఇల్లున్నా ‘ఓ ప్లాటు పడేసి ఉంచుదాం’ అంటాం. అమెరికాలో అబ్బాయి పంపిన డాలర్లు, పొలం అమ్మిన సొమ్ము, లెక్కలో చూపని నగదు... అన్నీ వచ్చి చేరేది నేలలోకే. అలా పడేసి ఉంచిన ప్లాట్లతో నగర శివార్లు నిండిపోయాయి. ఇల్లు కావాల్సినవారు వాటిని దాటుకుని ఇంకా దూరం వెళ్తున్నారు.

ఇక భూమిని వేలం వేసి ఖజానా నింపుకోవడం ప్రభుత్వాలకూ అలవాటైంది. ధర ఎంత పలికితే అంత ఆదాయం. అమ్మేవారిలో సర్కారే ఉంటే ధర దిగాలని కోరుకునేదెవరు?

చవక వడ్డీ... ఖరీదైన ఇల్లు

తాతల తరం ఇల్లు కట్టింది దాచుకున్న డబ్బుతో. పీఎఫ్ లోను, సహకార సంఘం అప్పు, అత్తగారిచ్చిన నగలు... అన్నీ కలిపి ముందు రెండు గదులు వేసేవారు. పెద్దమ్మాయి పెళ్లయ్యాక వరండా, అబ్బాయికి ఉద్యోగమొచ్చాక పై పోర్షను. ఇల్లు కుటుంబంతోపాటే ఎదిగేది.

1977లో హెచ్‌డీఎఫ్‌సీ పుట్టింది. దేశంలో ఇంటి అప్పుల కోసమే పెట్టిన తొలి సంస్థల్లో అదొకటి. 1988లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు, 1989లో ఎల్‌ఐసీ గృహరుణ సంస్థ వచ్చాయి. అయినా 1990ల మధ్యలో వడ్డీ 15 శాతం పైమాటే. 2003-04 నాటికి అది 8 శాతం లోపునకు దిగింది. కరోనా కాలంలో 7 శాతం కిందికీ వచ్చింది. అప్పుపై కట్టే వడ్డీకి ఆదాయపన్ను మినహాయింపును 1998 నుంచి 2001 మధ్య 30 వేల నుంచి లక్షన్నరకు పెంచారు. 2014లో రెండు లక్షలు చేశారు. పాత పద్ధతిలో పన్ను కట్టేవారికే ఇది వర్తిస్తుంది.

వడ్డీ తగ్గితే ఇల్లు చవకవ్వాలి కదా? ఇక్కడే ఉంది తిరకాసు. నెలకు పదివేలు కట్టగలిగిన వ్యక్తికి 20 ఏళ్ల గడువుతో 15 శాతం వడ్డీకి వచ్చే అప్పు ఏడున్నర లక్షల చిల్లర. అదే ఏడున్నర శాతమైతే 12 లక్షల 40 వేలు వస్తుంది. జీతం పెరగలేదు, నెల వాయిదా మారలేదు. కొనే శక్తి మాత్రం 60 శాతం పెరిగింది. ఒక్కరికి ఇలా జరిగితే అదృష్టం. ఊరందరికీ జరిగితే? అదే స్థలం కోసం అందరూ ఎక్కువ పాడతారు. వడ్డీలో మిగిలిందంతా చివరికి నేల ధరలోకి వెళ్లిపోతుంది!

అప్పు చేసినవారికి ద్రవ్యోల్బణం ఓ మేలూ చేసింది. 1990లో లక్ష రూపాయలు 15 శాతం వడ్డీకి, 15 ఏళ్లకు తీసుకున్నవారి వాయిదా నెలకు 1,400. మొదట్లో అది జీతంలో పెద్ద ముక్క. ఆ ఏళ్లలో ఎన్నో ఇళ్లలో పండక్కి బట్టలు కూడా మానుకున్నారు. తర్వాత డీఏలు, 1996 వేతన సంఘం వచ్చాయి. వాయిదా అక్కడే ఉంది, జీతం పెరిగింది. చివరి రెండేళ్లలో ఆ 1,400 పెద్దగా తెలియనే లేదు. ఇవాళ్టి కుర్రాడికీ ఆ మేలు జరగాలంటే ఒక షరతుంది. ఉద్యోగం నిలవాలి, జీతం ఏటా పెరగాలి. ప్రైవేటు కొలువులో ఆ భరోసా ఎవరిస్తారు? 50 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లపాటు నెలకు 43 వేలకు పైగా కట్టాలి. అంతా కలిపితే కోటీ 4 లక్షలు.

పడిన రోజులూ ఉన్నాయి

‘భూమి ధర ఎప్పటికీ తగ్గదు’ అంటారు ఏజెంట్లు. హైదరాబాద్‌నే అడగండి. 2008లో ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం. 2009 జనవరిలో సత్యం కుంభకోణం. ఆ తర్వాత రాష్ట్ర విభజన ఉద్యమం, అనిశ్చితి. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007 ధరలను 100 అనుకుని నగరాలవారీగా ఇళ్ల ధరల సూచీ ఇచ్చేది. అందులో హైదరాబాద్ అంకె ఏళ్ల తరబడి 100 కిందే ఉండిపోయింది. అంటే 2007లో కొన్నవారు నాలుగైదేళ్ల తర్వాత అమ్మినా పెట్టిన డబ్బు రాలేదన్నమాట. ఆ సమయంలో బియ్యం, పప్పుల ధరలు పెరుగుతూనే ఉన్నాయి కాబట్టి అసలు నష్టం ఇంకా ఎక్కువ. రెండు మూడు దశాబ్దాలు ఆగగలిగినవారికి నేల కలిసొచ్చింది కానీ, అప్పు తెచ్చి ఏడాదిలో రెట్టింపు చేసుకుందామనుకున్నవారిలో చాలామందికి చేతులు కాలాయి.

సూచీకి కనిపించని ఇల్లు

‘ద్రవ్యోల్బణం నాలుగు శాతమే’ అని వార్తల్లో చెబుతుంటే ‘మరి ఇళ్ల ధరలు ఇలా ఉన్నాయేంటి’ అని ఆశ్చర్యపోతాం. కారణం చిన్నదే. వినియోగ ధరల సూచీలో ఉండేది ఇంటి అద్దె. ఇల్లు కొనే ధర అందులో ఉండదు. ఇల్లు సరుకు కాదు, ఆస్తి అన్నది లెక్కలవారి వాదన. అద్దెలేమో ఇంటి ధరలంత వేగంగా పెరగవు. కోటి రూపాయల ఫ్లాటుకు నెలకు పాతిక వేలు అద్దె వచ్చిందంటే ఏడాదికి మూడు శాతమే. అదే ఫ్లాటును 80 లక్షల అప్పుతో కొంటే 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లపాటు నెల వాయిదా 69 వేలు దాటుతుంది.

అందుకే ‘అద్దె కట్టడం దండగ, ఆ డబ్బేదో వాయిదాగా కడితే ఇల్లు మనదవుతుంది’ అన్న పాత మాట ఇప్పుడు అన్నిచోట్లా నిలవదు. అద్దె వాయిదాలో సగమున్న రోజుల్లో చెప్పిన మాట అది. మూడో వంతు ఉన్నచోట కాగితం, పెన్సిలు పట్టుకుని మళ్లీ లెక్కేయాలి. అలాగని అద్దె ఇంట్లో నిశ్చింత ఉంటుందా అంటే అదీ లేదు. ఇంటాయన ‘ఖాళీ చేయండి’ అంటే పిల్లల స్కూలు దగ్గర్నుంచి పాల ప్యాకెట్ల దాకా అన్నీ మళ్లీ మొదలు. ఆ ‘మనది’ అనే ధీమా ఖరీదు ఏ సూచీలోనూ దొరకదు.

సర్కారు చెయ్యి

ప్రభుత్వాలు ఊరుకోలేదు. మధ్యతరగతికి మార్కెట్ కన్నా తక్కువ ధరకు ఇళ్లిస్తామంటూ 2007లో రాజీవ్ స్వగృహ మొదలైంది. బండ్లగూడ, పోచారంలలో కట్టిన ఫ్లాట్లు ఏళ్లకేళ్లు అసంపూర్తిగా నిలిచిపోయాయి. చివరికి 2022లో లాటరీ తీసి అమ్మారు. తెలంగాణలో 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్లను పేదలకు ఉచితంగా కట్టించారు. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లను 2023 జూన్‌లో ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో 30 లక్షలమందికి ఇంటి పట్టాలివ్వడం మొదలుపెట్టారు... నగరాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర. సెంటంటే 48 గజాలు. 2024లో మొదలైన తెలంగాణ ఇందిరమ్మ పథకం ఇంటికి ఐదు లక్షలిస్తుంది, సొంత స్థలమున్నవారికి.

ఈ పథకాలన్నిటినీ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. ఇటుకలకు డబ్బివ్వడం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమే. నగరంలో, పని దొరికే చోట, నేల ఇవ్వడమే అసలు పరీక్ష. ఇచ్చినవి ఊరికి దూరమైతే బస్సు ఛార్జీలకు, పోయే గంటలకు పేదవాడే మళ్లీ ధర కడతాడు. పనిచోటుకు దగ్గర్లో ఉన్న సర్కారు భూమిలో కొంతైనా వేలానికి పెట్టకుండా చిన్న ఇళ్లకు ఉంచడం, శివార్లకు ముందే బస్సు, రైలు, నీళ్లు ఇవ్వడం, ఏళ్లకేళ్లు పడేసి ఉంచిన ప్లాట్ల మీద పన్ను గట్టిగా వేయడం... దారులు లేకపోలేదు. కావాల్సింది మనసే.

కొనేముందు... అమ్మేముందు

ఈ కథంతా తెలిశాక ఇల్లు కొనాలనుకునే కుటుంబం గుర్తుంచుకోవాల్సినవి కొన్ని...

* కట్టడం పాతబడుతుంది, నేల పెరుగుతుంది. కాబట్టి ఫ్లాటు కొనేటప్పుడు టైల్స్, స్విమ్మింగ్ పూల్ కన్నా ముందు ‘నా వాటాకు ఎన్ని గజాల నేల వస్తుంది’ అని అడగండి. అవిభాజ్య వాటా అని దస్తావేజులో రాసేది అదే. అంతస్తులు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

* నెల వాయిదా ఇంటికొచ్చే జీతంలో 40 శాతం మించితే ఓ జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా ఇల్లే కూలుతుంది. ఇద్దరి జీతాల మీద లెక్కేసేటప్పుడు ఒకరిది ఆగితే ఎలాగో కూడా ఆలోచించుకోండి.

* ‘ప్రీ లాంచ్‌లో సగం ధరకే’ అంటే ఆగండి. రెరాలో నమోదు కాని ప్రాజెక్టుకు పైసా కట్టొద్దు. కనీసం ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించి, లాయరుకు చూపించండి.

* అమ్మేటప్పుడు కనిపించేదంతా లాభం కాదు. 2001-02లో పది లక్షలకు కొన్న ఇల్లు పన్ను శాఖ ధరల సూచీ ప్రకారమే 2024-25కు 36 లక్షల 30 వేలైతే గానీ ఉన్నచోట ఉన్నట్టు. అరవై లక్షలకు అమ్మితే నిజంగా మిగిలింది 23 లక్షల 70 వేలే.

* 2024 జులైలో ఆ పన్ను పద్ధతి మారింది. ఆ నెల 23కు ముందు కొన్న ఇళ్లు, స్థలాలకు... సూచీ లెక్కతో 20 శాతం, లేదా సూచీ లేకుండా 12.5 శాతం, ఏది తక్కువైతే అది కట్టే వీలు వ్యక్తులకు ఇచ్చారు. పై ఉదాహరణలో మొదటి దారిలో పన్ను 4 లక్షల 74 వేలు, రెండో దారిలో ఆరుంబావు లక్షలు. అదే ఇంటిని కోటికి అమ్మితే రెండోదే మేలు. ఆ తేదీ తర్వాత కొన్నవారికి సూచీ లెక్క లేదు. అంటే రూపాయి చిక్కడం వల్ల పెరిగినట్టు కనిపించే ధరకూ పన్ను కట్టాల్సిందే.

* * *

మనం ఇల్లు కొన్నాక ధర పెరిగితే సంబరపడతాం. కొనకముందు పెరిగితే తిట్టుకుంటాం. కానీ ఆ రెండూ ఒకే ధర. సొంతింటి విలువ కోటైందని మురిసిపోయే తండ్రి ఉన్న ఇంట్లోనే, ఆ కోటి ఎలా తేవాలో తెలియక పెళ్లి వాయిదా వేసుకుంటున్న కొడుకూ ఉంటున్నాడు. తండ్రి లాభమూ కొడుకు కష్టమూ ఒకే గజం మీద రాసి ఉన్నాయి. ఇల్లు కట్టి చూడమంటే ఈ తరం వెనకాడేదేమీ లేదు. చదువుంది, సంపాదనుంది, పనిచేసే ఓపికా ఉంది. వాళ్లడిగేది ఒక్కటే... పునాది తవ్వుకోవడానికి కాస్త చోటు!